లడ్డూకి పెరుగన్నం ఎందుకు పడలేదు

(గినీ పిగ్స్ అనే, ఎలుకల జాతికి చెందిన చిన్న పెంపుడు జీవుల్ని పెంచుకునే కుటుంబాల కోసం హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం ఉదయం ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. ప్రశ్నలను అడిగిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గిస్తారా? మైకులో నాకంటే గాలే ఎక్కువ మాట్లాడుతోంది. ఆఁ, చాలు.

ముందు వరుసలో పాప ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చుంది. దాని పేరేంటమ్మా? బూందీయా! (నవ్వులు) నా దగ్గరకొచ్చే గినీ పిగ్స్ సగం మిఠాయి కొట్టులోంచే వస్తాయండీ. లడ్డూ, బూందీ, కాజా, జిలేబీ. గరిక అని పేరు పెట్టినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ తగల్లేదు. బూందీతో మనకి చివర్లో పనుంది. అందాకా బుట్ట మీద ఆ తువ్వాలు అలాగే ఉంచు, చీకటిగా ఉంటే కుదురుగా ఉంటుంది.

ఇవాళ తిండి సంగతి ఒక్కటే మాట్లాడతాను. పంజరం ఎంత ఉండాలి, స్నానం చేయించాలా వద్దా, అవన్నీ ఇంకోసారి. నా క్లినిక్‌కి వచ్చే గినీ పిగ్ పళ్ల బాధతో వచ్చినా, కడుపుబ్బి వచ్చినా, మూత్రంలో రక్తం అని వచ్చినా, "ఎక్కడ మొదలైంది?" అని ఆరా తీస్తూ వెళ్తే చాలాసార్లు తిండి గిన్నె దగ్గరే తేలుతుంది.

లడ్డూ అలాగే వచ్చింది. ఏడాదిన్నర వయసు, తెలుపూ గోధుమరంగూ మచ్చలు. ఒక పెద్దావిడ, పదేళ్ల మనవడు తీసుకొచ్చారు. నడవడం లేదు. ముట్టుకుంటే కీచుమంటోంది. వెనక కాళ్ల కీళ్లు వాచి ఉన్నాయి. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లలో నెత్తురు. బొచ్చు గరుగ్గా, ఎండిన కొబ్బరి పీచులా ఉంది. "ఎక్కడైనా కింద పడిందా?" అని అడిగాను. లేదన్నారు. "ఏం పెడుతున్నారమ్మా?" అన్నాను.

ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టే చెప్పింది. "తిండికేం లోటు చెయ్యట్లేదు డాక్టరమ్మా. పొద్దున పాలల్లో ముంచిన బిస్కెట్టు. మధ్యాహ్నం మెత్తగా కలిపిన పెరుగన్నం. సాయంత్రం నానబెట్టిన శనగలు. రాత్రి చపాతీ ముక్క."

"మరి గడ్డి?"

"గడ్డేమిటమ్మా! ఇంట్లో పిల్లాడిలా చూసుకుంటుంటే!"

ఆ మాటలో వెటకారం లేదండీ. మన భాషలోనే ఉంది కదా, "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అని. గడ్డి పెట్టడం అంటే మనకి తిట్టు. ప్రేమగా చూసుకునే జీవికి గడ్డి ఎలా పెడతాం? నేనివాళ ఈ గంటసేపు మాట్లాడేదంతా ఆవిడకి చెప్పిన జవాబే అనుకోండి.

లడ్డూకి వచ్చింది స్కర్వీ. పాతకాలంలో నెలల తరబడి ఓడల మీద వెళ్లిన నావికులకి వచ్చేది చూడండి, అదే. విటమిన్ సి లేకపోతే వస్తుంది. మీ ఇంట్లో కుక్కుంటే దానికి నిమ్మకాయ పెట్టక్కర్లేదు. పిల్లికీ అక్కర్లేదు. ఆవు, గేదె, ఆఖరికి ఎలుక కూడా తనకి కావలసిన విటమిన్ సి తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. ఆ తయారీలో ఆఖరి మెట్టు దగ్గర ఒక ఎంజైమ్ పని చేయాలి. మనుషుల్లో అది పనిచేయదు. కోతుల్లో పనిచేయదు. కొన్ని రకాల గబ్బిలాల్లో పనిచేయదు. ఆ చిన్న జాబితాలోనే మన గినీ పిగ్ కూడా ఉంది. పైగా ఒంట్లో నిల్వ ఉంచుకునే ఏర్పాటు లేదు. ఏ రోజుది ఆ రోజు తినాల్సిందే. రెండు మూడు వారాలు అందకపోతే ఒంట్లో తేడా కనిపించడం మొదలవుతుంది.

ఈ సంగతి బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. 1907లో నార్వే రాజధాని క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిష్ అని ఇద్దరు డాక్టర్లు ఓడల్లో నావికులకి వచ్చే బెరిబెరి అనే ఇంకో జబ్బు మీద పనిచేస్తున్నారు. పక్షుల్లో బెరిబెరి లాంటిది తెప్పించగలిగారు. క్షీరదంలో కూడా చూద్దామని గినీ పిగ్స్ తెచ్చి ధాన్యం, రొట్టె మాత్రమే పెట్టారు. బెరిబెరి వస్తుందనుకుంటే చిగుళ్లు కారి, ఎముకలు పెళుసెక్కి స్కర్వీ వచ్చి కూర్చుంది. పచ్చి క్యాబేజీ పెడితే రాలేదు. ఆ రోజు వాళ్లు గినీ పిగ్ బదులు ఎలుకని ఎంచుకుని ఉంటే ఏమీ కనిపించేదే కాదు. విటమిన్ సి అన్న పదార్థాన్ని పట్టుకున్న ఆల్బర్ట్ సెంట్-జార్జికి 1937లో నోబెల్ వచ్చింది. అక్కడిదాకా వెళ్లిన దారిలో ఈ జీవులు చాలానే ఉన్నాయి. పేపర్లో "పేదల్ని గినీ పిగ్స్ చేశారు" అని రాస్తుంటారే, ఆ మాటకి ఇలాంటి కథలే మూలం.

నన్ను ఆలోచనలో పడేసే సంగతి ఇంకొకటి. నార్వే ల్యాబులో జబ్బు తెప్పించిన తిండీ, లడ్డూకి బామ్మగారు ప్రేమగా పెట్టిన తిండీ దాదాపు ఒకటే. ధాన్యం, రొట్టె.

లడ్డూ కోలుకుంది లెండి, టెన్షన్ పడకండి. విటమిన్ సి ఇచ్చాం, తిండి మార్చాం. వారంలో లేచి తిరిగింది. కీళ్లు పూర్తిగా సర్దుకోవడానికి ఇంకా టైమ్ పట్టింది.

"అయితే విటమిన్ సి ఇస్తే సరిపోతుందన్నమాట" అనుకుంటున్నారేమో. అక్కడికి తర్వాత వస్తాను. దానికంటే ముందు గడ్డి. ఈ సంచి ఇటునుంచి అటు పంపించండి. తలా ఒక గుప్పెడు తీసి వాసన చూడండి. పిల్లలూ, మీరు కూడా. ఏం వాసన?

(ఒక బాబు: "టీ పొడి వాసన.")

దగ్గరగానే చెప్పావు. మంచి ఎండుగడ్డి వాసన కొంచెం తియ్యగా ఉంటుంది. రంగు పచ్చగా గానీ, పచ్చదనం మిగిలిన గోధుమరంగులో గానీ ఉంటుంది. దులిపితే ధూళి లేవకూడదు. ముక్కు దగ్గర పెట్టగానే తుమ్ము వచ్చినా, బూజు వాసన తగిలినా అది పడేయాల్సిందే. దీన్ని తిమోతి హే అంటారు. విదేశాల నుంచి వస్తుంది. ధర చూస్తే ఒక్కోసారి బాస్మతి బియ్యమే నయమనిపిస్తుంది. దీని సంగతి చెప్పాక మన గడ్డి దగ్గరికి వస్తాను.

గినీ పిగ్ నోట్లో 20 పళ్లుంటాయి. ముందు నాలుగే మీకు కనిపిస్తాయి. మిగతావన్నీ లోపల దవడ పళ్లు. ఈ ఇరవయ్యీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, మన గోళ్లలా. గోళ్లయితే కత్తిరిస్తాం. దవడ పళ్లని అరగదీసేది ఒక్కటే, పీచున్న గడ్డిని గంటల తరబడి నమలడం. పెరుగన్నానికి నమిలే పనేముంది? క్యారెట్ గట్టిగా ఉంటుంది కదా అంటారు. క్యారెట్‌ని ముందు పళ్లతో కొరుకుతుంది, రెండు నములుళ్లు నమిలి మింగేస్తుంది. గడ్డి పోచనైతే లోపలికి లాక్కుంటూ దవడని పక్కలకి రుద్దుతుంది. ఇంటికెళ్లాక మీ గినీ పిగ్‌కి ఒక పొడుగాటి పోచ ఇచ్చి చూడండి, కాగితం మిషన్‌లోకి వెళ్లినట్టు లోపలికి వెళ్లిపోతుంది.

పళ్లు అరగకపోతే ఏమవుతుంది? కింది దవడ పళ్లు లోపలికి వంగి పెరుగుతాయి. రెండు వైపులవీ నాలుక మీద వంతెన కట్టినట్టు కలుసుకుంటాయి. నాలుక కింద ఇరుక్కుపోతుంది. అప్పుడు ఆకలి ఉంటుంది, గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, మింగలేక వెనక్కి పోతుంది. గడ్డం కింద తడిగా ఉంటుంది. "తిండి మీద ఇష్టం పోయిందండీ" అని తీసుకొస్తారు. మత్తిచ్చి ఆ పళ్లు అరగదీయాలి. ఒకసారి మొదలైతే కొన్ని వారాలకోసారి మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు. పోనీ మత్తు తేలికా అంటే, కిలో అటూఇటూ బరువుండే జీవి అది.

ఇక కడుపు. మా నాన్నకి గుడివాడ దగ్గర పల్లెలో నాలుగు గేదెలుండేవి. సాయంత్రం మేసొచ్చి కూర్చుని నెమరేస్తుంటే ఆ దవడల చప్పుడు వింటూ మేం హోంవర్క్ చేసుకునేవాళ్లం. గేదె గడ్డిని ముందు పొట్టలో పులియబెట్టి, పైకి తెచ్చుకుని మళ్లీ నమిలి, అప్పుడు అరిగించుకుంటుంది. గినీ పిగ్ తినేదీ గడ్డే, కానీ దాని పులియబెట్టే సంచి వెనక ఉంది, చిన్నపేగు దాటాక. సీకమ్ అంటాం. సత్తువ లాక్కునే చిన్నపేగు ముందే అయిపోయింది, సరుకేమో వెనక గోదాంలో తయారైంది. మరి ఎలా?

పిల్లలూ, ఇది మీకు నచ్చుతుంది. ఆ సంచిలోంచి మెత్తటి ఉండలు వస్తాయి. అవి బయటికి రాగానే తల వంచి నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. (పిల్లల కేకలు, నవ్వులు) ఛీ అనకండి. అది దాని నెమరు. గేదె పైనుంచి వేస్తే ఇది కిందినుంచి వేస్తుంది, అంతే తేడా. విటమిన్ బి, ప్రొటీన్ అందులోంచే దక్కుతాయి. మీకు పంజరంలో కనిపించే గట్టి ఉండలు వేరు, అవి నిజంగా పారేసేవి.

ఈ సంచిలో కోట్లాది సూక్ష్మజీవులు పనిచేస్తుంటాయి. వాటి జీతం పీచు. పీచు వస్తుంటే పేగు కదులుతుంటుంది. అన్నం, బిస్కెట్టు, బెల్లం ముక్క వెళ్తే అక్కడ మంచివి తగ్గి గ్యాస్ పుట్టించేవి పెరుగుతాయి. గినీ పిగ్‌కి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. పొట్ట డోలులా ఉబ్బి, మూలకి చేరి కళ్లు సగం మూసి కూర్చుంటుంది. గుర్తుపెట్టుకోండి, అరపూట దాటి ఏమీ తినకపోతే అది "రేపు చూద్దాం" అనే కేసు కాదు. పేగు ఆగిపోతే మళ్లీ కదిలించడం చాలా కష్టం. కుక్కకి ఒకరోజు లంఖణం పెట్టినట్టు దీనికి పెట్టకూడదు.

ఆ సూక్ష్మజీవుల గురించే ఇంకో మాట. ఇంట్లో బాబుకి జలుబు చేస్తే తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ మిగిలిందని గినీ పిగ్‌కి రెండు చుక్కలు వేశామని ఒకరు చెప్పారు. కుక్కలకి వాడే మందే కదా అనుకున్నారు. ఇలాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ కడుపులో మంచి సూక్ష్మజీవులు చచ్చి విషం పుట్టించేవి రాజ్యమేలతాయి. ఆ జీవి దక్కలేదు. మిగిలిపోయిన మందు ఏదైనా సరే, డాక్టర్ని అడక్కుండా వేయొద్దు. చీటీ మీద ఇది కుందేలో కుక్కో కాదు, గినీ పిగ్ అని రాసిందా లేదా చూసుకోండి.

(ప్రశ్న: "మేడమ్, తిమోతి ప్రతినెలా కొనలేం. ఇక్కడి గడ్డి పెట్టొచ్చా?")

పెట్టొచ్చండీ. అన్నిటికంటే సులువైనది గరిక. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిలో కోసుకొస్తాం కదా, అదే. గినీ పిగ్ గరికని ఎంత ఇష్టంగా తింటుందంటే, వినాయకుడి ఎలుకకి ఇది దూరపు చుట్టమేమో అనిపిస్తుంది. ఎలుకల జాతిదే కదా! కుండీల్లో పెంచుకోండి. మట్టి, నాలుగు వేరు ముక్కలు చాలు, నీళ్లు పోస్తే అదే అల్లుకుంటుంది. మూడు నాలుగు కుండీలు పెట్టి ఒకటి కోసినప్పుడు ఒకటి పెరిగేలా తిప్పుకుంటే సరి.

అపార్ట్‌మెంట్ లాన్ మాత్రం వద్దు. అక్కడ పురుగుమందు ఎప్పుడు కొట్టారో తోటమాలికే తెలియాలి. పైగా మీ ఇంటి కుక్కలు సాయంత్రం షికారుకెళ్లేది అక్కడికే. మిషన్‌తో కోసిన లాన్ గడ్డి అసలు వద్దు. నలిగి, వేడెక్కి, గంటల్లో పులియడం మొదలవుతుంది.

గుడి ముందు ఆవులకి వేయడానికి పచ్చిగడ్డి కట్టలు అమ్ముతారు చూడండి. చాలామంది అవి తెచ్చి వేస్తారు. అది ఎక్కడిదని అడగండి. మన ఊళ్లో మూసీ కింద మురుగునీటితో పారా గడ్డి పెంచుతారు, ఊరి పశువులకి అదే మేత. కిలో అటూఇటూ ఉండే జీవికి అది పెట్టాలంటే నాకు మనసొప్పదు. నేపియర్ గడ్డి శుభ్రమైన నీటితో పెరిగినదైతే లేత ఆకులు వేయొచ్చు. ముదురు కాడ చెరకు గడలా ఉంటుంది, పక్కన పడేస్తుంది. లేత జొన్న జోలికి పోవద్దు. పల్లె నుంచి వచ్చినవాళ్లకి తెలుసు, జొన్న పిలక మేసి పశువులు పడిపోవడం. అందులో సైనైడ్ విషం పుడుతుంది. వరిగడ్డి పరుపుగా వేయండి, బాగుంటుంది. తిండిగా మాత్రం దానిలో సారం తక్కువ.

ఏ కొత్త గడ్డయినా మొదటిరోజు నాలుగు పోచలు. వారం పది రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. ఒక్కసారిగా బుట్టెడు పచ్చిగడ్డి పడేస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఎంత పెట్టాలి అని అడుగుతారు. గడ్డికి కొలత లేదు. ఎండుగడ్డి గూటిలో ఎప్పుడూ ఉండాలి, దాని ఒంటి సైజుకి తగ్గకుండా ఒక కుప్ప. అర్ధరాత్రి లేచి చూసినా ఉండాలి. తినే మొత్తంలో నూటికి ఎనభై వంతులు అదే అనుకోండి.

(ప్రశ్న: "లూసర్న్ మేత బలమంటారు కదండీ? మా ఊళ్లో పాడి గేదెలకి వేస్తారు.")

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. పాలిచ్చే గేదెకి కాల్షియం కావాలి, అందుకే వేస్తారు. మీ గినీ పిగ్ పాలివ్వట్లేదు కదా! చూడితో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు, పిల్లలకి ఆరు నెలల లోపు కొంచెం వేయండి, మంచిదే. పెద్దదానికి రోజూ వేస్తే ఏమవుతుందంటే, మన ఒంట్లో కాల్షియం అవసరం మేరకే పేగు లాక్కుంటుంది. గినీ పిగ్ పేగుకి ఆ లెక్క లేదు. వచ్చిందంతా లాగేసుకుని, ఎక్కువైనది మూత్రంలో పంపేస్తుంది. అందుకే దాని మూత్రం ఒక్కోసారి పాలలా తెల్లగా ఉంటుంది. అది మామూలే. ఎండాక వేలితో రుద్దితే ఇసుకలా గరగరలాడితే మాత్రం జాగ్రత్త. ఆ ఇసుకే రాయి అవుతుంది. నేను ఆపరేషన్ చేసి తీసిన రాళ్లలో ఒకటి ఇదిగో, ఈ సీసాలో ఉంది. బఠాణీ గింజంత. అది ఉన్న జీవి ఒళ్లు గుప్పెడంత. మూత్రానికి కూర్చున్నప్పుడల్లా ఏడ్చేదట.

"మరి పెరూలో లూసర్నే కదా వేస్తారు?" అని ఇంటర్నెట్‌లో చదివిన ఒకాయన నన్ను నిలదీశారు. నిజమే. గినీ పిగ్ సొంతూరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా వైపు వేల ఏళ్లుగా పెంచుతున్నారు. అక్కడ దాని పేరు కూయ్. పేరుకి గినీ అంటాం గానీ ఆఫ్రికాలోని గినీ దేశానికీ దానికీ సంబంధం లేదు, పందికీ సంబంధం లేదు. అక్కడ వంటింట్లోనే తిరుగుతూ లూసర్న్ మేస్తుంటాయి. పిల్లలు చెవులు మూసుకోండి ఒక్క నిమిషం. అక్కడ వాటిని మాంసానికి పెంచుతారు. మూడు నెలలు తిరిగేసరికి వాటి పని అయిపోతుంది. రాయి పడటానికి టైమెక్కడిది? మనది ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతకాలి. కోడి ఫారమ్ లెక్క ఇంట్లో పెరిగే పెంపుడు జీవికి పనికిరాదు. చెవులు తెరవొచ్చు.

ఇప్పుడు విటమిన్ సి. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. చూడిదానికీ జబ్బుదానికీ పై అంకె. క్యాప్సికం 100 గ్రాముల్లో 80 మిల్లీగ్రాములకి తగ్గదు, ఎర్రదైతే ఇంకా ఎక్కువ. అంటే పావు క్యాప్సికం, ఓ 25 గ్రాములు వేస్తే 20 మిల్లీగ్రాములు వచ్చినట్టే. ఇంత చిన్న లెక్కకి చుక్కల మందు సీసాలు కొంటుంటారు. ఆ చుక్కలు నీళ్ల సీసాలో కలపమని అట్ట మీద రాస్తారు. వెలుతురుకీ వేడికీ విటమిన్ సి విరిగిపోతుంది. ఏప్రిల్లో హైదరాబాద్ బాల్కనీలో పెట్టిన సీసాలో సాయంత్రానికి ఎంత మిగులుతుందో మీరే ఊహించుకోండి. రుచి మారిందని కొన్ని నీళ్లే తాగడం మానేస్తాయి, అది ఇంకో తలనొప్పి.

జామకాయలో క్యాప్సికం కంటే ఎక్కువుంది, 100 గ్రాముల్లో 200 దాటుతుంది. తీపి ఉంది కాబట్టి వారంలో రెండుసార్లు, బొటనవేలంత ముక్క. ఉసిరి ఇంకా ఘనమే గానీ ఆ పులుపుకి ముఖం అటు తిప్పేసుకుంటాయి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ వాళ్లు, భారతీయ ఆహారాల్లో ఏది ఎంతుందో పట్టికలు వేశారు. 2017లో వేసిన పట్టిక మనుషుల కోసమే. కానీ నా టేబుల్ మీద అది ఎప్పుడూ ఉంటుంది. మన మార్కెట్లో దొరికే కూరలకి విదేశీ వెబ్‌సైట్ల కంటే అదే నయం.

ఆ పట్టిక చూస్తే మనకి ఒక చిక్కు కనిపిస్తుంది. తెలుగువాళ్లకి ఇష్టమైన ఆకుకూరలన్నీ గినీ పిగ్‌కి రోజూ పెట్టకూడనివే. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూరలో రాళ్లకి దారితీసే ఆక్సలేట్లు ఎక్కువ. మునగాకు, కరివేపాకులో కాల్షియం ఎక్కువ. విషం కాదు, రెండు రెమ్మలు అప్పుడప్పుడూ పెడితే ఏం కాదు. "మునగాకులో అన్నీ ఉన్నాయట" అని రోజూ గుప్పెడు వేస్తే మళ్లీ ఈ సీసా దగ్గరికొస్తాం. రోజువారీకి కొత్తిమీర, క్యాప్సికం, కీరా ముక్క, మధ్యమధ్య పుదీనా, ముల్లంగి ఆకు మార్చి మార్చి వేయండి. అన్నీ కలిపి ఒక టీ కప్పుడు. క్యారెట్ చిన్న చక్రం ఒకటి. కార్టూన్లు చూసి కుందేలుకి, గినీ పిగ్‌కి క్యారెట్టే భోజనం అనుకుంటాం, అది వాటికి బొబ్బట్టు. రైతుబజార్ నుంచి తెచ్చిన కొత్తిమీర కట్ట విప్పి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, నీరోడ్చి పెట్టండి. వాడి జిగురొచ్చిన ఆకు మీ పప్పులోకే పనికిరానప్పుడు దానికీ పనికిరాదు.

ఎప్పటికీ వద్దనేవి చకచకా చెప్పేస్తాను. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఆకూ కాడా, అవకాడో, ఎండు చిక్కుడు గింజలు, శనగలు, పల్లీలు, పాలు, పెరుగు, చాక్లెట్, మన కంచంలో వండిన ఏదైనా సరే. టమాటా పండు ముక్క ఫర్వాలేదు.

(ప్రశ్న: "షాపులో ఇచ్చిన మిక్స్ రంగురంగుల ముక్కలున్నది, మా దాంట్లో పసుపువే ఏరుకుని తింటుంది.")

అవునండీ, మిక్చర్ పొట్లంలో పల్లీలు ఏరుకున్నట్టు. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు తిని, పీచున్న ముక్కలు వదిలేస్తుంది. అలాంటివి వద్దు. పెల్లెట్స్, అంటే గుళికల మేత, అన్నీ ఒకే రంగులో, గడ్డి వాసనతో ఉండాలి. గినీ పిగ్ కోసమే చేసినవై ఉండాలి. కుందేలు పెల్లెట్స్‌లో విటమిన్ సి కలపరు, కుందేలుకి అక్కర్లేదు కాబట్టి. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి. తయారై మూడు నెలలు దాటితే విటమిన్ సి లెక్కలోకి తీసుకోలేం. అందుకే ఐదు కిలోల సంచి చవగ్గా వస్తుందని కొనకండి. రోజుకి రెండు టేబుల్‌స్పూన్లు, 20 గ్రాములు చాలు.

గిన్నె నిండా పెల్లెట్స్ పోసి ఆఫీసుకెళ్లిపోయి, "మాది గడ్డి ముట్టదండీ" అని చెప్పేవాళ్లు చాలామంది. పిల్లాడికి నాలుగింటికి పకోడీలు పెట్టి ఎనిమిదింటికి అన్నం తినట్లేదంటే ఎలా? పెల్లెట్స్ తగ్గించండి. ఉన్నట్టుండి ఆపకండి, రెండు మూడు వారాల్లో తగ్గించండి. గడ్డిలో కొత్తిమీర కాడలు దాచండి, వెతుక్కుంటూ గడ్డి కూడా తింటుంది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడికి అది "వీక్ వీక్" అని అరిస్తే మీరు కరిగిపోకండి. అది మిమ్మల్ని బాగా ట్రెయినింగ్ ఇచ్చి పెట్టుకుంది.

(ప్రశ్న: "సంక్రాంతికి ఊరెళ్తాం, నాలుగు రోజులు. గడ్డి, నీళ్లు పెట్టి వెళ్లొచ్చా?")

నాలుగు రోజులు ఒంటరిగా వదలకూడదు. నీళ్ల సీసా గొట్టం ఒక్కోసారి అడ్డుపడుతుంది, తాగుతోందో లేదో చూసే మనిషి ఉండాలి. వాచ్‌మన్ భార్యకో పక్కింటివాళ్లకో అప్పగించండి, పొద్దునా సాయంత్రం. నీళ్ల సీసాలు రెండు పెట్టండి. కూరలు రోజుకొకటి చొప్పున డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి, ఆ నాలుగు రోజులూ ఇచ్చిన డబ్బా తప్ప ఇంకేదీ పెట్టొద్దని చెప్పండి. అక్కడే జరుగుతుంది అసలు కథ. పండగ కదా, పాపం నోరులేని జీవి కదా అని అరిసె ముక్క పెడతారు. గోడ మీద పెద్దక్షరాలతో కాగితం అంటించండి. వచ్చి చూశాక రోజుకి ఎన్ని ఉండలు వేసిందో అడగండి. ఉండలు తగ్గాయన్నా, చిన్నవయ్యాయన్నా తిండి తగ్గినట్టే.

ఇక బూందీ దగ్గరికి వద్దాం. ఇది మామూలు వంటింటి తూకం మిషన్, గ్రాముల్లో చూపిస్తుంది. గినీ పిగ్ జబ్బుని దాచుకుంటుంది. అడవిలో నీరసం చూపించినదాన్నే గద్ద ముందు ఎత్తుకుపోయేది, ఆ భయం ఇంకా పోలేదు. మీ కళ్లకి తేడా కనిపించేసరికి ఆలస్యమైపోతుంది, మిషన్‌కి ముందే కనిపిస్తుంది. వారానికోసారి ఒకే రోజు, ఒకే పూట తూచండి. పెద్దవి 700 నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటాయి, ఏ అంకె ఉన్నా ఫర్వాలేదు. వారంలో 50 గ్రాములు తగ్గితే నాకు ఫోన్ చేయండి.

ముందు ఈ ఖాళీ డబ్బా పెట్టి సున్నా చేస్తున్నాను. రామ్మా, ఇలా తీసుకురా. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద. అలా. డబ్బాలో ఒక కొత్తిమీర రెమ్మ వేస్తే కదలకుండా ఉంటుంది... ఆగు, ఆగు, రెమ్మ బరువు కూడా వచ్చేస్తుంది, అది తినేదాకా ఆగుదాం. (నవ్వులు)

ఆఁ. 864. రాసుకో. పక్కన ఇవాళ్టి తేదీ కూడా వెయ్యి.